అందరూ చూసింది ఒక్క కథే: 2011 నాటి కొరియన్ దెయ్యం కథల వరస గురించి

చీకటిగది
జులై 3, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న విషయం ఇది.

2011 వేసవిలో కొరియాలో నేవర్ అనే సైటు «2011 మిస్టరీ దాన్‌ప్యొన్» అని ఒక బొమ్మల కథల వరస నడిపింది. దాన్‌ప్యొన్ అంటే చిన్న కథ. వేర్వేరు చిత్రకారులు కథలు గీశారు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. ఆ వరస పేరు చెబితే మన దగ్గర ఎవరికీ తెలియదు. కానీ అందులో ఒక కథను మాత్రం ప్రపంచమంతా చూసింది. రాత్రిపూట అపార్ట్‌మెంట్ల మధ్య దారి, ముందు వంకరగా నడిచిపోతున్న ఒక ఆడమనిషి, ఒంటిమీద గులాబీ రంగు పైజామా... మీలో సగం మందికి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. అదే, «బొంగ్‌చొన్-దొంగ్ దెయ్యం». దొంగ్ అంటే పేట. గీసినాయన కలం పేరు హొరాంగ్. కొరియన్‌లో పులి అని.

నేను మొదట చూసింది ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో, కాకినాడలో హాస్టల్ గదిలో. రూమ్మేట్ లైట్లార్పి, లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి, «కింద దాకా చదువు, ఆపకు» అన్నాడు. ఎక్కడ ఉలిక్కిపడాలో అక్కడ ఉలిక్కిపడ్డాను. వెంటనే పక్క గదివాణ్ని పిలుచుకొచ్చి వాడికి చూపించాను. అంతే, ఆ కథతో నా పని అయిపోయింది.

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ చదివాను. ఈసారి భయం వేయలేదు. వేసింది ఇంకేదో. కారణం తర్వాత చెప్తాను. ముందు మీరెవరైనా దాన్ని కథగా చదివారా అని అడగాలనుంది. ఆ దెయ్యం ఏమడిగిందో ఎవరికైనా గుర్తుందా?

రాత్రిబండి
జులై 3, రాత్రి 11:52

చూశాను. గుర్తులేదు. నిజం చెప్పాలంటే అది కథ కాదు అన్నా, ఉచ్చు. మన వేలు స్క్రోల్ మీద ఉంటుందని తెలిసి పెట్టిన ఉచ్చు. వెనక నుంచి వచ్చి భుజం మీద చరిస్తే ఎవరైనా ఎగిరిపడతారు, దాన్ని సాహిత్యం అంటామా? దెయ్యం కథ అంటే చదివిన మూడు రోజులకు బావి దగ్గరికెళ్తే గుర్తురావాలి.

గీతలబాబు
జులై 4, ఉదయం 8:05

రాత్రిబండి అన్నా, ఉచ్చు అన్నమాట ఒప్పుకుంటాను. కానీ ఆ ఉచ్చు ఎలా అల్లారో ఒక్కసారి చూడండి. నేను పొద్దస్తమానం వెబ్ పేజీలు గీసే పనిలోనే ఉంటాను కాబట్టి నా కన్ను అక్కడే ఆగుతుంది.

పుస్తకంలో బొమ్మల కథకు పేజీ తిప్పడం ఉంటుంది. కుడిపేజీ చివర ప్రశ్న, తిప్పగానే జవాబు. కొరియా వాళ్లు 2003, 2004 ప్రాంతంలో కథల్ని నెట్‌లోకి తెచ్చాక పేజీ పోయింది, పైనుంచి కిందికి ఒకటే పొడవాటి పట్టీ మిగిలింది. అప్పుడు కాలాన్ని ఎలా చూపిస్తారు? ఖాళీతో. రెండు బొమ్మల మధ్య తెల్లటి జాగా ఎంత పొడుగుంటే అంతసేపు గడిచినట్టు. పాఠకుడి వేలే గడియారం. ఎంత వేగంగా చదవాలో మన చేతిలోనే ఉంటుంది. భయమేస్తే ఆగొచ్చు, మెల్లగా కిందికి జరపొచ్చు, రాబోయే బొమ్మ పైఅంచు మాత్రం చూసి మూసేయొచ్చు.

హొరాంగ్ సరిగ్గా ఆ ధైర్యాన్నే తీసేశాడు. ఒక చోటికి రాగానే పేజీ మన మాట వినదు, దానంతట అదే జరుగుతుంది. వరస బొమ్మలు గబగబా మారి ఆమె తల తిరుగుతుంది. నిజానికి అవి కదిలే బొమ్మలు కావు, ఒకదాని కింద ఒకటి పేర్చిన మామూలు బొమ్మలే. పేజీ వెనకున్న చిన్న కోడ్ మన బదులు స్క్రోల్ చేస్తుంది. అప్పటిదాకా మన వేలికి ఉన్న అధికారం ఆమె చేతికి పోతుంది. మనం ఉలిక్కిపడేది బొమ్మను చూసి కాదు. వేలు కదపకుండానే పేజీ కదిలిందని.

ఇంకోటి గమనించండి. ఆ పని కథలో రెండేసార్లు. మొదటిది ఆమె తిరిగి చూసినప్పుడు. రెండోది ఆమె వెనక్కి పరుగెత్తుకొచ్చినప్పుడు. మిగతా అంతా నిశ్శబ్దంగా, బొమ్మలు కదలకుండా, మామూలు కథలానే ఉంటుంది. తర్వాత దీన్ని చూసి చేసిన చాలావాటిలో అడుగడుగునా అదే పెట్టి పాడుచేశారు.

పాతపేజీ
జులై 4, మధ్యాహ్నం 2:30

బాబూ, చక్కగా చెప్పావు. నేను పదవీ విరమణ చేసిన మాస్టర్ని. ఈ వెబ్‌టూన్లు మా మనవరాలు చూపిస్తే మొదలుపెట్టాను. బొమ్మల సంగతి మీరు చెప్పండి, నేను వెనకున్న ఊరి సంగతి చెప్తాను.

మొదటి మాట, ఇది వేసవిలో ఎందుకొచ్చింది? మనకు దెయ్యం కథలంటే అమావాస్య, చలిమంట. కొరియాలో దెయ్యాల కాలం ఎండాకాలం. జులై, ఆగస్టుల్లో «సంబొక్» అని మూడు మహా ఉక్కరోజులు వస్తాయి. ఆ రోజుల్లో వేడివేడి కోడిపులుసు తాగి వేడిని వేడితోనే తోలేస్తారు. అలాగే వెన్నులో చలి పుట్టే కథలు విని ఒళ్లు చల్లబరుచుకుంటారు. దానికి «నమ్‌న్యాంగ్» అని పేరే ఉంది, చల్లదనం అందుకోవడం అని అర్థం. వాళ్ల ప్రభుత్వ టీవీలో 1977 నుంచి 1989 దాకా పాత ఐతిహ్యాలతో ఒక ధారావాహిక నడిచింది. వేసవి రాత్రుల్లో ఇంటిల్లిపాదీ దుప్పటి కప్పుకుని చూసేవాళ్లట. నేవర్ వాళ్ల వరస ఆ అలవాటుకే కొత్త రూపం.

రెండో మాట ముఖ్యమైంది. కొరియన్ దెయ్యం సాధారణంగా చంపడానికి రాదు. చెప్పుకోవడానికి వస్తుంది. దక్షిణాన మిర్యాంగ్ అని ఒక ఊరుంది. అక్కడి అధికారి కూతురు ఆరాంగ్. దాది నమ్మించి బయటికి తీసుకుపోతే ఒక దుర్మార్గుడు చెరచబోయి చంపేస్తాడు. పిల్ల ఎవరితోనో లేచిపోయిందనుకుని తండ్రి తలవంచుకుని ఊరొదిలి పోతాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కొత్త అధికారీ మొదటి రాత్రే చనిపోతుంటాడు. ఆమె చంపి కాదు, ఆమెను చూసి గుండె ఆగి. చివరికి ఒకడు వస్తాడు, దీపం పెట్టుకుని కూర్చుంటాడు, ఆమె తలుపు తీసుకుని వస్తే పారిపోకుండా «ఏం కావాలమ్మా» అని అడుగుతాడు. ఆమె చెబుతుంది. మర్నాడు న్యాయం జరుగుతుంది. అంతటితో ఆమె రావడం ఆగిపోతుంది. మిర్యాంగ్‌లో నది ఒడ్డున ఆరాంగ్ గుడి ఇప్పటికీ ఉంది.

మన బేతాళుడి కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది చూడండి. అక్కడ రాజు నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది. ఇక్కడ అధికారి చెవి ఒగ్గకపోతే ప్రాణం పోతుంది.

చీకటిగది గారూ, మీ ప్రశ్నకు జవాబు: ఆమె తన బిడ్డ ఎక్కడుందని అడిగింది.

చీకటిగది
జులై 4, రాత్రి 9:15

అవును మాస్టారూ. అదే అడిగింది.

రాత్రిబండి
జులై 4, రాత్రి 10:40

మాస్టారూ, ఆరాంగ్ కథ చెప్పినందుకు దండం. అలాంటివే నాకు కావాల్సింది. కానీ నా మాట మీద నేనున్నాను. ఆరాంగ్ కథలో ఆమె ఎవరో, ఏం జరిగిందో, ఎవరు చేశారో ఉంది. పైజామా ఆవిడకి ఏముంది? చివర్లో రెండు ముక్కల్లో «కాపురం పోయింది, బిడ్డ పోయింది, ఆ భవనం మీదనుంచే దూకింది» అని చెప్పి ఊరుకున్నారు. అదీ నిజంగా జరిగినట్టు, నిజమైన పేట పేరు పెట్టి. ఆ పేటలో ఉండేవాళ్ల సంగతి ఎవరాలోచించారు?

హాన్ నది ఒడ్డున
జులై 5, తెల్లవారుజాము 4:10

నేను ఆ పేట పక్కనే ఉంటున్నాను. పీహెచ్‌డీ కోసం సియోల్ వచ్చి ఇది నాలుగో ఏడు, మా యూనివర్సిటీ ఉన్నది గ్వానక్ కొండ కింద, బొంగ్‌చొన్ కూడా ఆ గ్వానక్ వార్డులోనే. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

బొంగ్‌చొన్ అంటే ఆకాశాన్ని చేతులతో ఎత్తిపట్టినది అన్నట్టు అర్థం వస్తుంది. పేరుకు తగ్గట్టే అంతా ఏటవాలు. ఒకప్పుడు ఇది సియోల్‌లో బాగా పేరున్న «దాల్‌దొంగ్నె»ల్లో ఒకటి. దాల్ అంటే చందమామ. ఊళ్లో చోటు దొరకని బీదవాళ్లు కొండ ఎక్కి గుడిసెలు వేసుకున్నారు, చందమామకు దగ్గరగా ఉన్నారు కాబట్టి చందమామ పేటలు. తర్వాత ఆ గుడిసెలు కొట్టేసి వరసగా ఎత్తయిన అపార్ట్‌మెంట్లు కట్టారు. కథలో మీరు చూసే దారి అలాంటి కొత్త అపార్ట్‌మెంట్ల మధ్యది. పేటకు బీదరికం పేరు అంటుకుందని ఇక్కడివాళ్లు ఎప్పటినుంచో బాధపడేవారట. 2008లో పాలనా విభాగాల పేర్లు మార్చేశారు కూడా. ఇప్పుడు వార్డు ఆఫీసు బోర్డుల మీద బొంగ్‌చొన్ అనే మాట కనపడదు. చట్టం ప్రకారం చిరునామాల్లో ఉంది, మెట్రో రెండో లైను స్టేషనుకు మిగిలింది, ఆ దెయ్యానికి మిగిలింది. రాత్రిబండి గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నా ల్యాబ్‌లో ఒకమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. ఊరి పేరు చెప్పగానే కొత్తవాళ్లు «ఓ, ఆ దెయ్యం ఊరా» అంటారని చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు.

ఇంకో సంగతి, బట్టల గురించి. పాత కొరియన్ దెయ్యం తెల్లబట్టలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని వస్తుంది. పెళ్లికానమ్మాయి జడ వేసుకోవాలి, పెళ్లయినావిడ ముడి పెట్టుకోవాలి. జుట్టు విరబోసుకుందంటే రెండిట్లో ఎటూ కాకుండా పోయిందని. తెల్లబట్ట చావు బట్ట. అంటే చచ్చాక ఎవరో ఒకరు ఆమెకు ఆ బట్ట కట్టారు. మరి హొరాంగ్ గీసినావిడ ఒంటిమీద పైజామా ఎందుకుంది? ఇంట్లో పడుకునే బట్టల్లోనే బయటికొచ్చేసింది. ఎవరూ ఏమీ మార్చలేదు. మన దగ్గర నైటీ మీద చున్నీ వేసుకుని పాలప్యాకెట్ కోసం కిందికి దిగుతాం చూడండి, ఆవిడ ఆ చున్నీ కూడా వేసుకోకుండా వచ్చింది. ఆ వంకర నడక గురించి కూడా ఆలోచించండి. భయపెట్టడానికి పెట్టిన నడక కాదది. అంత ఎత్తునుంచి పడ్డ ఒళ్లు అలాగే నడుస్తుంది.

ఆ గులాబీ రంగు అర్థమైన రోజు నుంచి ఆ బొమ్మ చూడాలంటే నాకు దిగులు.

నిద్రగన్నేరు
జులై 5, ఉదయం 7:30

అక్కా, ఇది చదివి కాఫీ చల్లారిపోయింది. నేను నర్సుని, రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే వచ్చాను. పడ్డ ఒళ్లు ఎలా ఉంటుందో నేను చూశాను. మీరు చెప్పింది నిజం.

ఒక చిన్న సందేహం. ఒక్సు స్టేషన్ దెయ్యం అని ఇంకోటి విన్నాను, అదీ ఈ వరసలోదేనా?

గీతలబాబు
జులై 5, మధ్యాహ్నం 1:20

అదే వరసలోదండీ, గీసింది కూడా హొరాంగే. మెట్రో స్టేషన్‌లో బాగా పొద్దుపోయాక ఒకతను రైలు కోసం చూస్తుంటాడు. అక్కడొక ఆడమనిషి తూలుతూ కనిపిస్తుంది. తాగి ఉందనుకుని వింతగా ఉందని అతను నెట్‌లో పోస్టు పెడతాడు, కింద కామెంట్లు వస్తుంటాయి. అంటే ఆమెకు ఏమైందో వెళ్లి చూసే బదులు ఫోన్ తీశాడు. చివర పట్టాల వైపు నుంచి వచ్చే చేయి గురించి చెప్పను, చదవనివాళ్లు ఉంటారు. పెద్ద తెరమీదికి వచ్చింది ఇదే. 2023లో సినిమాగా తీశారు, రాసినవాళ్లలో జపాన్ దెయ్యం సినిమా «రింగు»కి రాసిన హిరోషి తకహాషి ఉన్నారు. సినిమాలో ఒక విలేకరిని పెట్టి కథను ఎక్కడికో తీసుకుపోయారు. నాకు ఆ బొమ్మల చిన్న ముక్కే ఎక్కువ. ఆ స్టేషన్‌లో ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్లకపోవడమే అసలు భయం. సినిమాలో అందరూ పరుగెత్తుతుంటారు.

ఇలాంటివి నచ్చితే కాంగ్ ఫుల్ కథలు చదవండి. దక్షిణ కొరియా వెబ్‌టూన్లకు దారి వేసినవాళ్లలో ఆయనొకరు. ఆయన దీపాల కొట్టు కథ కూడా 2011లోదే, 2024 డిసెంబర్‌లో ఎనిమిది భాగాల సిరీస్‌గా ఓటీటీలో వచ్చింది. చీకటి సందు చివర ఒక బల్బుల కొట్టు. ఒక తల్లి రోజూ కూతుర్ని అక్కడికి పంపుతుంది, బల్బు కొనుక్కురా అని. ఎందుకు పంపుతుందో తెలిసిన చోట నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

వానకాలం
జులై 5, రాత్రి 8:45

అందరికి నమస్తే. మాది నల్గొండ దిక్కు. ఇన్ని దినాలు సదువుకుంట ఉన్న, రాసుడు ఇదే మొదటిసారి.

గా పిల్ల ఏం చేసిందో ఎవ్వరూ అంటలేరు. ట్యూషన్ నుంచి వస్తున్న చదువుకునే పిల్ల. దెయ్యం «నా బిడ్డ ఏది» అని అడిగితే భయానికి ఏదో ఒక దిక్కు చెయ్యి చూపింది. అటు ఏం లేదని పిల్లకు తెలుసు. ఆమె నమ్మి అటు పోయింది. లేదు. మళ్ల ఉరికొచ్చింది. మనం అందరం దడుచుకున్నది గప్పుడే.

నా చిన్నప్పుడు మా ఊర్ల ప్రతి తలుపు మీద «ఓ స్త్రీ రేపు రా» అని రాసేటోళ్లు. మా నాయనమ్మ సున్నం కలిపి నాతోనే రాయించింది, అప్పుడు నాకు అక్షరాలు కొత్త, «స్త్రీ» వత్తు రాలే, ఆమె చెయ్యి పట్టి దిద్దించింది. రాత్రి ఒక ఆడదయ్యం వచ్చి తెలిసినోళ్ల గొంతుతో పిలుస్తదని, తలుపు మీది రాత చదివి రేపొద్దాం అని మర్లిపోతదని చెప్పేటోళ్లు. మర్నాడు వస్తే మళ్ల అదే రాత. ఇయ్యాల ఈ ముచ్చట్లు సదివినంక అనిపిస్తున్నది, ఆమె ఏం కావాలని వచ్చిందో మా వాడకట్టుల ఒక్కరన్న అడిగిన్రా? మేం కూడ ఆ పిల్ల లెక్కనే ఏదో దిక్కు చూపి పంపినం.

పాతపేజీ
జులై 5, రాత్రి 9:30

వానకాలం తల్లీ, ఇన్నాళ్లూ రాయకుండా ఎందుకున్నావమ్మా? ఈ కోణం నాకు తట్టనే లేదు.

ఇక్కడ మరొకటి చెప్పి ఊరుకుంటాను. ఇలా దెయ్యం కథల్ని గుదిగుచ్చడం వాళ్లకు నిన్నమొన్నటిది కాదు. పదిహేనో శతాబ్దంలో కిమ్ సిసప్ అనే ఆయన క్యొంగ్జు దగ్గర కొండల్లో ఉండి రాసిన సంపుటిలో ఐదు కథలు మనకు దక్కాయి. ఒకదాంట్లో ఒంటరి కుర్రాడు గుళ్లో బుద్ధుడితో పాచికలాడి గెలిచి, పందెం కింద తోడు కావాలని అడుగుతాడు. ఒకమ్మాయి వస్తుంది, కాపురం చేస్తుంది. ఆమె జపాన్ సముద్రపు దొంగల దాడిలో ఎప్పుడో చనిపోయిందని తర్వాత తెలుస్తుంది. కుర్రాడు పారిపోడు. ఆమె కోసం పూజలు చేయిస్తాడు, మళ్లీ పెళ్లి చేసుకోడు. ఐదు వందల ఏళ్లకు పైగా వాళ్ల కథల్లో మంచివాడు ఎవరంటే దెయ్యం ఎదుట నిలబడి విన్నవాడు. పైజామా ఆవిడ కథలో అలాంటివాడు ఒక్కడూ లేడు. హొరాంగ్ కావాలనే తీసేశాడనిపిస్తుంది.

చీకటిగది
జులై 6, రాత్రి 12:35

ఇక నా కారణం చెప్తాను. ఇంట్లో అందరూ పడుకున్నారు.

ఈ జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌కి వెళ్లాం. మా పాపకు నాలుగేళ్లు. ఆదివారం సాయంత్రం, నాంపల్లి మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. గాజుల దుకాణం ముందు మా ఆవిడ చెయ్యి చాచి గాజులు ఎక్కించుకుంటోంది, పాప చెయ్యి నా చేతిలో ఉంది. డబ్బులిద్దామని ఫోన్ తీయడానికి ఆ చెయ్యి వదిలాను. కోడ్ స్కాన్ చేసి, నంబరు కొట్టి, తలెత్తేసరికి లేదు.

పదకొండు నిమిషాలు. ఫోన్‌లో డబ్బులు కట్టిన టైమూ, పాప దొరికాక మా ఆవిడ నాకు చేసిన కాల్ టైమూ ఉన్నాయి కాబట్టి అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. కనపడ్డ ప్రతి మనిషినీ అడిగాను. చాలామంది పాపం ఆగి చూశారు. ఒకతను మాత్రం, ఇరవై ఏళ్లుంటాయేమో, చేతిలో మిర్చిబజ్జీ పొట్లం, నా మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేసి, అదుగో అటు అన్నట్టు జెయింట్ వీల్ వైపు చూపించాడు. నేను అటు పరుగెత్తాను. అంతా వెతికాను. లేదు. మళ్లీ అతని దగ్గరికే పరుగెత్తుకొచ్చాను. నాకు తెలియకుండానే అతని చొక్కా పట్టుకుని «అక్కడ లేదు కదా» అని అరిచాను. అతను వణికిపోయాడు. అతను పాపను చూడనే లేదు. నా మొహం చూసి భయపడి, నన్ను పంపించేయడానికి ఏదో ఒక వైపు చూపించాడు.

పాప పక్క వరసలో బెలూన్ల దగ్గర దొరికింది. ఒక పెద్దావిడ ఒళ్లో కూర్చోబెట్టుకుని నీళ్లు తాగిస్తోంది.

ఆ నెల రోజులూ నాకు సరిగ్గా నిద్రలేదు. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎందుకో ఆ కథ గుర్తొచ్చి తెరిచాను. ఆమె వెనక్కి పరుగెత్తుకొచ్చే చోట పేజీ దానంతట అది జరిగింది కదా, అప్పుడు నేను ఆ పిల్ల వైపు లేను. ఇటు పరుగెత్తుకొస్తున్నది నేనే. నాకైతే నా బిడ్డ దొరికింది.

నిద్రగన్నేరు
జులై 6, ఉదయం 6:50

అన్నా... ఏం రాయాలో తెలియడం లేదు. పాప బాగుందా ఇప్పుడు? ఆ పెద్దావిడ చల్లగా ఉండాలి.

చీకటిగది
జులై 6, ఉదయం 7:15

బాగుందమ్మా. దానికి బెలూన్ ఒక్కటే గుర్తుంది.

రాత్రిబండి
జులై 6, మధ్యాహ్నం 3:00

అన్నా, నిన్న రాత్రి మీ పోస్టు చదివాక ఆ కథ మళ్లీ తెరిచాను. గీతలబాబు చెప్పినట్టు ఎక్కడ పేజీ కదులుతుందో ముందే తెలుసు కాబట్టి ఉలికిపాటు లేదు. అది లేకుండా చదివితే మిగిలేది మూడే ముక్కలు. ఒకావిడ అడిగింది, ఒక పిల్ల అబద్ధం చెప్పింది, ఆవిడ తిరిగొచ్చింది. ఉచ్చు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నిజంగా జరిగిందన్నట్టు చెప్పడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. కొండమీది గుడిసెలు పోయి, పేరు పోయి, చివరికి దెయ్యంతో గుర్తుపట్టే ఊళ్లో పెరిగిన ఆ ల్యాబ్ అమ్మాయి బాధ కూడా బాధే. ఊరికి ఒక ఊహాపేరు పెట్టి ఉంటే కథకు పోయేదేముంది?

హాన్ నది ఒడ్డున
జులై 6, సాయంత్రం 5:40

ఈ విషయంలో నేను మీ పక్షమే. ఆ అమ్మాయికి మీ మాట చెప్పాను. ఇండియాలో ఎవరో తన ఊరి తరఫున మాట్లాడారని సంతోషపడింది. అయితే తను ఒక మాట అంది. చిన్నప్పుడు రాత్రి ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఆ ఏటవాలు దారిలో నిజంగానే భయపడేదట. దెయ్యానికి కాదు, దీపాలు తక్కువ కాబట్టి. కథలో ఆ దారిని చూసినప్పుడు మా దారిని ఎవరో సరిగ్గా గీశారు అనిపించిందట.

నిర్వాహకులు
జులై 6, రాత్రి 8:00

చర్చ చాలా బాగా నడుస్తోంది. ఒక్క విన్నపం. బొమ్మల స్క్రీన్‌షాట్లు, స్కాన్లు ఇక్కడ పెట్టొద్దు, ఇద్దరు పెట్టినవి తీసేశాం. కథలు వాటి సొంత సైట్లలోనే చదవండి.

వానకాలం
జులై 6, రాత్రి 9:10

మా అమ్మకు ఈ కథ చెప్పాలె. ఆమెకు ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూపిచ్చుకుంట నేనే పక్కన కూసొని చెప్త. హాన్ నది అక్కా, దెయ్యం అడిగే మాట తెలుగుల ఎట్ల చెప్పాలె? ఇంగ్లీషుల ఉన్నదాన్ని తెలుగు చేస్తే «నా శిశువు ఎక్కడ» అని వస్తున్నది. ఏ తల్లి అంటది గట్ల?

హాన్ నది ఒడ్డున
జులై 6, రాత్రి 10:25

నిజమే, ఎవరూ అనరు. కొరియన్‌లో పసిబిడ్డకు «ఆగి» అంటారు, అందులో ఆడా మగా తేడా తెలియదు. ఇక్కడ తల్లులు బిడ్డ గురించి చెప్పేటప్పుడు మామూలుగా «ఉరి ఆగి» అంటారు. ఉరి అంటే మన «మా». ఒక్కరే ఉన్నా నా అనరు, మా అంటారు. మనమూ అంతే కదా, మా అమ్మ, మా ఆయన, మా పిల్లాడు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ «మా» పోయి ఒంటరి «నా» అయిపోతుంది. తెలుగులో దాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు.

పాతపేజీ
జులై 6, రాత్రి 10:50

«మా బిడ్డ ఎక్కడమ్మా» అంటే ఎలా ఉంటుంది? అడిగేది చదువుకునే పిల్లను కాబట్టి «అమ్మా» అని పిలవొచ్చు.

వానకాలం
జులై 6, రాత్రి 11:05

మా దిక్కు బిడ్డ అంటే కూతురే మాస్టారూ. మా అమ్మకు చెప్పేటప్పుడు «మా బిడ్డ యాడున్నది» అంట. కొడుకైతే ఏమంటదో మళ్ల! చీకటిగది అన్నా, మీరు చెప్పున్రి. మీరు ఆ రోజు ఏమని అడిగిన్రు?

చీకటిగది
జులై 7, రాత్రి 12:15

ఎక్కడ అని అడగలేదమ్మా. ఎక్కడ అని అడగాలంటే ఎక్కడో ఒకచోట ఉందన్న నమ్మకం ఉండాలి. నా నోట్లోంచి వచ్చింది «మా పాప ఏదీ?» అని. ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ అదే అడిగాను. ఏదీ, మా పాప ఏదీ అని.

మీ అమ్మగారికి అలాగే చెప్పు.